మా నాయన తాగని గిన్నె

నా చిన్నప్పుడు మా ఇంట్లో విశ్వాసం అనే మాట ఉప్పు, చింతపండు అన్నంత మామూలుగా వినిపించేది. మేము పుంగనూరులో ఉండేవాళ్లం. మా నాయన మిషన్ బడిలో పంతులు, సంఘంలో పెద్ద. మా పాదిరిగారిని అందరూ అయ్యగారు అనేవాళ్లు. ఆయన పల్లెల మీదికి వెళ్లిన ఆదివారాల్లో గుడిలో వాక్యం చెప్పే బాధ్యత మా నాయనదే. మంచి గొంతు ఆయనది. ఆయన ప్రార్థన చేస్తుంటే రోడ్డు మీద బండి తోలుకుపోయేవాళ్లు కూడా ఎద్దులను కాసేపు నిలిపి విని పోయేవాళ్లని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆదివారం బడిలో పిల్లలకు ప్రశ్నలూ జవాబులూ నేర్పించేదీ ఆయనే. విశ్వాసమంటే ఏమి అని అడిగితే నేను ఊపిరి తీసుకోకుండా జవాబు ఒప్పజెప్పేదాన్ని. అందులో ఒక్క మాటా నాకు అర్థమయ్యేది కాదు. కానీ చెప్పి కూర్చునేటప్పుడు నాయన ముఖంలో కనిపించే వెలుగు కోసం ఎంతటి జవాబైనా నేర్చుకునేదాన్ని.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలుకు కరువు, చక్కెరకు కరువు. బస్సులు పెట్రోలు లేక బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక పెద్ద పీపా లాంటిది ఉండేది, దాంట్లో బొగ్గు రాజేసి ఒకడు చక్రం తిప్పుతూ నిలబడేవాడు. మదనపల్లెకు పోయి రావడమంటే ఒళ్లంతా మసి పూసుకుని రావడమే. అయినా మా నాయన వీలు దొరికినప్పుడల్లా మదనపల్లె పోయేవాడు. మా అత్త అక్కడ క్షయ ఆసుపత్రిలో ఉండేది.

అత్త నాయనకు ఒక్కతే చెల్లెలు. తల్లీదండ్రీ చిన్నతనంలోనే పోతే నాయనే పెంచాడు. ఆడపిల్లల బోర్డింగులో ఉంచి చదివించాడు, కుట్టుపని నేర్పించాడు. అదే బోర్డింగులో టీచరమ్మగా చేరిన కొత్తలోనే దగ్గు పట్టుకుంది. ఒకరోజు దగ్గితే చేతిగుడ్డ మీద ఎర్రగా పడింది. అంతే, ఊరి బయట గుట్టల నడుమ ఉండే ఆ ఆసుపత్రికి పంపేశారు. ఇప్పటిలా మందులు లేని కాలం. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం, ఇదే వైద్యం. కొందరికి ఊపిరితిత్తికి విశ్రాంతి దొరకాలని పక్కటెముకల సందులో సూది గుచ్చి గాలి పట్టించేవాళ్లు. అత్తకు అదీ చేశారు. నన్ను ఒకసారి చూడటానికి తీసుకుపోయారు. పొడుగాటి వరండా, వరసగా మంచాలు, గొంతుదాకా దుప్పట్లు కప్పుకున్న ఆడవాళ్లు. దగ్గరికి పోనివ్వలేదు. అత్త దూరం నుంచి చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను. అంతటితో తిరిగి వచ్చాం.

రోజూ దీపం పెట్టే వేళకు ఇంట్లో ప్రార్థన. నాయన అత్త పేరు ఎత్తగానే గొంతు పెంచేవాడు. నయమవుతుందని మనం నమ్మాలి, మనలో ఒక్కరు సందేహించినా ప్రార్థన దేవుని దగ్గరికి చేరదు అని మాకు చెప్పాడు. ఆ మాట నా గుండెలో రాయిలా పడింది. అత్త నిజంగా బతుకుతుందా అనే ఆలోచన నాకు వస్తూనే ఉండేది. దాన్ని తోసేయాలని కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. అత్త చనిపోతే అది నా వల్లే అవుతుందని నాకు నమ్మకం. ఎవరికీ చెప్పుకోలేదు.

అత్త చనిపోలేదు. సంవత్సరాలు గడిచాక ఒక వేసవిలో కఫంలో జబ్బు క్రిమి ఏమీ లేదని, ఇక ఇంటికి పోవచ్చని, అందరిలాగా అందరితో కలిసి ఉండవచ్చని డాక్టరుగారు చెప్పారు. నాయన ఆ రోజు మదనపల్లె నుంచి వచ్చి గడపలోనే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. ఆయన ప్రేమ అబద్ధం కాదని చెప్పడానికే ఈ సంగతి చెబుతున్నాను. తర్వాత జరిగినది విని మా నాయనను తేలికగా చూడవద్దు.

అత్త బస్సు దిగి వచ్చినప్పుడు నేను గుర్తు పట్టలేదు. సన్నగా, తెల్లగా, నీడలో పెరిగిన మొక్కలా ఉంది. నడుస్తూ నడుస్తూ ఆగేది. కానీ నవ్వు మాత్రం పెద్దది. నాయన ఆమె కోసం మదనపల్లె సంతలో ఒక పళ్లెం, గ్లాసు కొని తెచ్చాడు. తెల్లటి పింగాణీ పూత, అంచుకు నీలం గీత. మేమంతా సత్తు పళ్లేల్లో సంగటి తినేవాళ్లం. అంత అందమైన పళ్లెం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. అత్త దాన్ని రెండు చేతులతో అందుకుని, కొంచెంసేపు దాని వైపే చూసి, "బాగుండాదన్నా" అంది. తిన్నాక మిగతా గిన్నెల్లో వేయకుండా తనే పెరట్లోకి తీసుకుపోయి, వేణ్ణీళ్లు పోసి కడిగి, వసారా గూట్లో బోర్లించింది.

నాకు ఆ పళ్లెం మీద ఆశ పుట్టింది. ఒక్కపూట నాకూ దాంట్లో పెట్టమని అత్తను అడిగాను.

"వద్దు పాపా. ఇది నా కోసరమని మీ నాయన తెచ్చినాడు" అంది అత్త.

నేను పోయి అమ్మతో ఫిర్యాదు చేశాను, అత్తకు పిసినారితనమని. అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది. వసారా వైపు చూసి, అత్త జబ్బు మనకు అంటకూడదనే నాయన ఆ పళ్లెం వేరుగా తెచ్చాడని నా చెవిలో చెప్పింది. అప్పటికి మా తమ్ముడు చంటివాడు. అత్త వాడికోసం చేతులు చాచినప్పుడల్లా వాడికి నిద్ర వస్తోందని అమ్మ ఎందుకు లోపలికి తీసుకుపోయేదో కూడా అప్పుడే తెలిసింది.  అత్తకు ఇది మొదటి రోజే తెలుసు. బాగుందని చెప్పి అందుకుంది. ఆ పూట నేను ఆమె కళ్లలోకి చూడలేక అన్నం తినకుండానే బడికి పోయాను.

ఆ నెల చివరి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనను మేము అలాగే పిలిచేవాళ్లం. యుద్ధం వల్ల మంచి రసం దొరక్క, ఎండుద్రాక్ష నానబెట్టి కాచి మా అమ్మే చేసేది. అందరికీ ఒకే గిన్నె. ఒకరు తాగాక అయ్యగారు తెల్లగుడ్డతో అంచు తుడిచి పక్కవాళ్లకు అందించేవారు. ఆ ఆదివారం అత్త కోసం కృతజ్ఞతా ప్రార్థన కూడా పెట్టారు. నాయన లేచి సాక్ష్యం చెప్పాడు. మనం సందేహించలేదు, మన విశ్వాసాన్ని చూసి దేవుడు నా చెల్లెల్ని లేపాడు, విశ్వాసం ఉన్న ఇంటికి చావు రాదు అన్నాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను తల వంచుకున్నాను. సందేహించినదాన్ని నేనొకదాన్ని ఉన్నానని నాకు తెలుసు కదా. అత్త కూడా తలవంచుకునే ఉంది.

అయ్యగారు అత్తను ముందుగా రమ్మన్నారు. అన్నగా నాయనను పక్కన మోకరించమన్నారు. మామూలుగా మగవాళ్లు అయ్యాకనే ఆడవాళ్లు, కానీ ఆ రోజు ఆమెది కదా. మేము చిన్నపిల్లలం బల్ల పక్కనే చాప మీద కూర్చునేవాళ్లం. అందరి ముఖాలూ మాకు కింది నుంచి కనిపించేవి. అత్త గిన్నె అందుకుని తాగింది. అయ్యగారు అంచు తుడిచి నాయనకు ఇచ్చారు.

నాయన కళ్లు మూసుకుని గిన్నె ఎత్తాడు. ఆయన గొంతుముడి పెద్దది. నీళ్లు తాగితే పైకీ కిందికీ ఆడేది. ఆ రోజు అది కదల్లేదు. పెదవులు బిగించి ఉన్నాయి. గిన్నెను తాగినంతసేపూ వంచి పట్టుకుని, తాగినవాడిలాగే దించి, అయ్యగారికి ఇచ్చి, తల వంచి చేతులు జోడించాడు.

అత్త తల కొంచెం పక్కకు తిరిగింది. మళ్లీ ముందుకు తిరిగింది. ఆమె చూసిందని నాకు తెలుసు. నేను చూశానని ఆమెకు తెలియదు.

తర్వాత వచ్చినవాళ్లలో తాగినవాళ్లూ ఉన్నారు, గొంతు కదలనివాళ్లూ ఉన్నారు. ఒకసారి కనిపెట్టాక నా కళ్లు గొంతుల మీదనే పడుతున్నాయి. ఆడవాళ్లలో కొందరు ఈసారి బల్ల తీసుకోవడానికి సిద్ధపడి రాలేదంటూ చాప మీదనే ఉండిపోయారు. చివరికి గిన్నె తిరిగి వచ్చినప్పుడు అయ్యగారు లోపలికి చూశారు. ఎంత మిగిలిందో ఆయన ఒక్కరికే కనిపించింది.  మిగిలిందంతా నిలబడి నెమ్మదిగా తాగారు. అంతసేపూ గుడిలో ఎవరూ దగ్గలేదు, కదల్లేదు.

మధ్యాహ్నం అమ్మ తమ్ముణ్ణి నిద్రపుచ్చుతూ లోపల ఉంది. నేను వంటింట్లో వేరుసెనక్కాయలు వలుస్తున్నాను. అత్త, నాయన వసారాలో కూర్చున్నారు. నేను వింటున్నానని వాళ్లు అనుకోలేదు.

"అన్నా, నువ్వు తాగలేదు గదా" అంది అత్త.

"ఏమి మాట్లాడతాండావు తల్లీ?"

"నేను పక్కనే ఉండాను. సూసినాను."

 ఈసారి వినిపించిన నాయన గొంతు మా ఇంట్లో ప్రార్థన చేసే గొంతు కాదు. "ఇంట్లో చంటిబిడ్డ ఉండాడమ్మా. నాకేమన్నా అయితే వీళ్ల గతేమి? డాక్టరు సెప్పినాడు, నమ్మినాను. నమ్మినాననే అనుకున్నాను. ఆ గిన్నె నోటికాడికి వచ్చేతలికి నా నోరు తెరుచుకోలా."

"బయమంటే నాకు తెలీదా అన్నా? నాలుగు మంచాల అవతల ఎవురన్నా దగ్గితే నాకు గుండె జారిపోయేది. నువ్వు బయపడినావని నాకు బాధ లేదు. నాకు బయంగా ఉండాది అని గిన్నె పక్కకిచ్చి ఉంటే నేనే నీ చెయ్యి పట్టుకునేదాన్ని. తాగినట్ల యాల చేసినావు? దేవుని ముందర, నా పక్కన కూసోని?"

నాయన ఏమో అనబోయాడు. అత్త ఆగలేదు. గొంతు పెంచనూ లేదు. అన్నాళ్లు మాట్లాడకుండా పడుకున్న మనిషి కదా, తక్కువ ఊపిరితో మాట్లాడటం ఆమెకు అలవాటు.

"ఇంగొకటి సెప్తాను, ఇనన్నా. మీ విశ్వాసంతోనే నేను బతికినానని లేచి సెప్పినావు. నా పక్క మంచంలో సోమల నుంచి వచ్చిన పిల్ల ఒకటి ఉండె. నాకంటే చిన్నది. నాకంటే బాగా ప్రార్థన చేసేది. నా కండ్ల ముందరే పోయింది. ఆ పిల్లకు విశ్వాసం తక్కువైందా? వాళ్లమ్మకు తక్కువైందా? నువ్వు అట్ల సెప్తాంటే ఆ తల్లి గుడిలో కూసోని ఇంటాంది అనుకో. ఆమె ముఖం నువ్వెట్ల సూస్తావు?"

అత్త కొంచెం ఊపిరి తీసుకుంది.

"కడాకు ఆ పిల్ల బాగు చెయ్యమని అడగడం మానేసింది. నన్ను ఒంటిగా ఇడిసిపెట్టొద్దు ప్రభువా, అంతే అడిగేది. అది విశ్వాసమని నాకు ఆడ పడుకున్నాక తెలిసింది. మనల్ని ఒంటిగా ఇడిసిపెట్టనోడు ఒకడు ఉండాడని నమ్మేది. నమ్మినోళ్లు ఇంకొకర్ని ఒంటిగా ఇడిసిపెట్టకుండా ఉండేది."

నా చేతిలో వేరుసెనక్కాయలు అలాగే ఉండిపోయాయి. సందేహించినందువల్ల ఎవరూ చనిపోరని ఆ మాటలతో నాకు తెలిసింది. అన్నాళ్లూ మోసిన రాయి దిగింది. కానీ దాని చోటులోకి ఇంకొకటి వచ్చి కూర్చుంది. మా నాయన అబద్ధం ఆడాడు. నోటితో కాదు, మూసిన నోటితో. వంటింటి గడప దాటి బయటికి రావడానికి నాకు మొహం చెల్లలేదు. తప్పు ఆయనది. సిగ్గు మాత్రం ఇంట్లో అందరిదీ అయింది.

ఆ వారంలోనే అత్త కుప్పం వెళ్తానంది. అక్కడి ఆడపిల్లల బోర్డింగులో కుట్టుపని నేర్పడానికి మనిషి కావాలని అయ్యగారికి కబురు వచ్చింది. ఇంకా బలం రాలేదు, ఇప్పుడే వద్దు అని నాయన అన్నాడు. అమ్మ కూడా అంది. ఇద్దరి మాటల్లోనూ బతిమాలడం తక్కువగా ఉందని నాకే అనిపించింది. అత్త మాత్రం ఎవరినీ నిష్ఠూరమాడలేదు. పోయేటప్పుడు తన పళ్లెం, గ్లాసు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

తర్వాత నాయన మారిపోయాడు. ప్రార్థనలో గొంతు పెరిగేది కాదు. కొన్నిసార్లు మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఆమెన్ అని లేచిపోయేవాడు. ఒక ఆదివారం బడిలో మామూలుగా నన్ను నిలబెట్టి విశ్వాసమంటే ఏమి అని అడిగాడు. నేను జవాబు మొదలుపెట్టాను. సగంలో ఆయన ముఖం చూశాను. ఆయనా నా ముఖం చూశాడు. నాకు తెలుసని ఆ క్షణంలోనే ఆయనకు తెలిసిందనుకుంటాను. "సాలు పాపా. కూసో" అన్నాడు. మిగతా పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. నేను కూర్చుని చాప ఈనెలు గిల్లుతూ ఉండిపోయాను. తండ్రి ముందు బిడ్డ తలవంచుకోవడం లోకంలో ఉన్నదే. బిడ్డ ముందు తండ్రి తలవంచుకోవడం చూడటం చాలా కష్టం. ఇంతటి వయసు వచ్చినా ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఒళ్లు కుంచించుకుపోతుంది.

వేరుసెనక్కాయ పంట ఇళ్లకు వచ్చిన రోజుల్లో నాయన కుప్పం బయలుదేరాడు. నన్ను కూడా రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. పలమనేరులో బస్సు మారాం. రెండో బస్సు ఎగువ దారి ఎక్కలేక ఆగిపోతే మగవాళ్లంతా దిగి తోశారు, నాయన కూడా తోశాడు. కుప్పం చేరేసరికి ఇద్దరం నల్లగా ఉన్నాం. అత్త మమ్మల్ని చూసి నవ్వింది, నీళ్లు తోడిచ్చింది. ఎందుకొచ్చారని అడగలేదు. ఆమెకు కొంచెం ఒళ్లు వచ్చింది. బోర్డింగు పిల్లలు అరవం, కన్నడం కలిసిన తెలుగులో ఆమె చుట్టూ తిరుగుతూ గలగలా మాట్లాడుతున్నారు.

మర్నాడు ఆదివారం, అక్కడ బల్ల. ఆ గుడి మా గుడి కంటే చిన్నది. ఆడవాళ్ల వైపు చాపలో అత్త అందరికంటే చివర, గోడ పక్కన కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ముందుకు పోదామా అని అడిగాను.

"ఇదే నా సోటు పాపా. వచ్చిన మొదటి రోజే నా జబ్బు సంగతి అందరికీ సెప్పేసినాను. గిన్నె అందరికంటే కడాకు నేను తీసుకుంటాననీ సెప్పినాను. నా వల్ల ఎవురూ తాగినట్ల చెయ్యాల్సిన పని ఉండగూడదు గదా" అంది.

ఆమె దాన్ని మామూలుగానే చెప్పింది. నేను మాత్రం మగవాళ్ల వైపు కూర్చున్న నాయనను చూడకుండా ఉండలేకపోయాను. ఆయనకు వినిపించే దూరం కాదు. కానీ చివరన ఒంటరిగా కూర్చున్న చెల్లెలి వైపే చూస్తున్నాడు. ఎందుకు అక్కడ కూర్చుందో ఆయనకు ఎవరూ చెప్పవలసిన పని లేదు.

మగవాళ్లు వరసగా పోయి తీసుకున్నారు. నాయన లేవలేదు. ఆడవాళ్లు పోయారు. చివరికి అత్త ఒక్కతే లేచి బల్ల ముందు మోకరించింది. అప్పుడు నాయన లేచాడు. అందరూ చూస్తుండగా గుడి మధ్యలో నడిచి పోయి ఆమె పక్కన మోకరించాడు. నేను కూడా లేచి ముందుకు పోయాను, ఎవరూ వద్దనలేదు. అక్కడి అయ్యగారు వయసులో చిన్నవారు. ఈ పరాయి ఊరి మనిషి ఇప్పుడెందుకు వచ్చాడా అని కాస్త తటపటాయించి, అత్తకు గిన్నె ఇచ్చారు. అత్త తాగింది. ఆయన అంచు తుడిచి నాయన ముందు పట్టారు.

నాయన గిన్నె అందుకున్నాడు. ఎత్తలేదు. రెండు చేతుల మధ్య అది వణుకుతూ ఉంది.

"బయంగా ఉండాదమ్మా" అన్నాడు. ప్రార్థనలో చెప్పినట్లు కాదు, పొలం గట్టు మీద నిలబడి చెల్లెలితో చెప్పినట్లు. దగ్గరున్న నాలుగు వరసలకూ వినిపించింది.

అత్త ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఉండనీన్నా. నేనుండాను గదా" అంది.

నాయన తాగాడు. గిన్నె అంచు పళ్లకు తగిలి టకటకమంది. కొంత రసం గడ్డం మీదుగా కారి తెల్లచొక్కా మీద పడింది. కానీ ఆయన గొంతుముడి కదిలింది. ఒకసారి కాదు, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదిలింది. తర్వాత ఆయన నుదురు బల్ల చెక్కకు ఆనించి అలాగే ఉండిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అయ్యగారు ఆరాధన ముగింపు మాటలు చెప్పకుండా ఆయన లేచేదాకా వేచి ఉన్నారు.

నేను అప్పుడు గర్వపడి ఉంటానని మీరు అనుకోవచ్చు. లేదు. అందరి ముందు మా నాయన అలా పడి ఉండటం చూసి నాకు మళ్లీ సిగ్గే వేసింది. అది ముందున్న సిగ్గు కాదని మాత్రం తెలుస్తూ ఉంది. ముందున్నది ముఖం దాచుకోమనేది. ఇది ఆయన దగ్గరికి పోయి నిలబడమంది. పోయి నిలబడ్డాను.

తిరుగు ప్రయాణంలో బొగ్గు పొగకు నాయనకు దగ్గు వచ్చింది. దగ్గి, చేతిగుడ్డ విప్పి గబుక్కున అందులోకి చూశాడు. నేను చూస్తున్నానని గమనించి గుడ్డ మడిచేశాడు. కాసేపటికి, "ఇంగా బయంగానే ఉండాది పాపా" అని నవ్వాడు. చాలా రోజులదాకా పొద్దున్నే పెరట్లో దగ్గి, ఉమ్మి, వంగి చూసుకునేవాడు. తాగినంత మాత్రాన ఆయన భయం ఎక్కడికీ పోలేదు. ఆయనకు ఏమీ కాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఏమీ కాదని తెలిసి ఆయన తాగలేదు. ఆ సంగతి నాకు పెద్దయ్యాక గాని పూర్తిగా తెలియలేదు.

ఆ తరవాతి ఆదివారం పుంగనూరు గుడిలో లేచి నిలబడి, ఆ రోజు నేను తాగలేదు అని చెప్పాడు. విశ్వాసం వల్ల చెల్లెలు బతికిందని గొప్పలు చెప్పిన నోరు ఆమె తాగిన గిన్నెకు మూసుకుపోయింది, నన్ను క్షమించండి అన్నాడు. గుడిలో అందరూ మా వైపు తిరిగారు. నేను అమ్మ ఒడిలో ముఖం పెట్టేసుకున్నాను.  చివరికి ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ, "నేనూ తాగలేదు నాయనా" అంది. ఇంకెవరూ నోరు తెరవలేదు. కొందరు ఆ రోజు మాతో మాట్లాడకుండానే వెళ్లిపోయారు. ఇంటి సంగతి గుడిలో పెట్టాడని, మమ్మల్నందరినీ దొంగల్ని చేశాడని తర్వాత అనుకున్నారట. నాయన తనంతట తానే పెద్దరికం వదిలి, చాలాకాలం వెనక వరసలో కూర్చున్నాడు. అయ్యగారు పిలిచినా వాక్యం చెప్పలేదు.

క్రిస్మస్‌కు అత్త వచ్చింది. అమ్మ గుమ్మంలో ఎదురుపోయి మా తమ్ముణ్ణి తీసి ఆమె చేతుల్లో పెట్టింది. పెట్టి రెండడుగులు వెనక్కి వచ్చి, కొంగు చివర మెలిపెడుతూ నిలబడింది. వాడు అత్త ముక్కు పట్టుకుని లాగాడు. అత్త నవ్వుతూ ఏడ్చింది. అమ్మ మెలిపెట్టడం ఆపలేదు, బిడ్డను తిరిగి తీసుకోనూ లేదు. ఆమె పడుతున్న పాటు నాకు కనిపిస్తూనే ఉంది.

అత్త పుంగనూరులో ఉండిపోలేదు. ఆమె బతుకు కుప్పంలోనే కుదురుకుంది. ఎందరో ఆడపిల్లలకు కుట్టు నేర్పి, మా నాయన పోయిన తర్వాత కూడా చాలా ఏళ్లు బతికింది. ఆయన చివరి జబ్బులో వచ్చి మంచం పక్కనే కూర్చుంది.

నేను ఇప్పుడు ముసలిదాన్ని. విశ్వాసం గురించి పెద్ద గొంతుతో చెప్పేవాళ్లను విన్నప్పుడు నాకు కోపం రాదు, వాళ్లలో మా నాయన కనిపిస్తాడు. సందేహించకూడదని రోగుల తల్లులకు చెప్పేవాళ్లను చూస్తే మాత్రం సోమల పిల్ల గుర్తొచ్చి లేచి బయటికి వస్తాను. ఎవరైనా నన్ను ప్రార్థన చేయమని అడిగితే, ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను. నాకు కూడా భయంగా ఉందని చెబుతాను. ఆ మాట చెప్పాక గాని దేవుణ్ణి పిలవడానికి నాకు నోరు రాదు. ఎన్నోసార్లు ఆ మాట కూడా చెప్పకుండా, ధైర్యం ఉన్నదానిలా కళ్లు మూసుకుని కూర్చున్నాను. మా నాయన సిగ్గు నాకు ఆస్తిలా వచ్చింది. అది ఉన్నందువల్లే, మూసిన నోటితో ఉన్నానని మధ్యలోనైనా తెలిసి ఆగుతాను.

బల్ల దగ్గర గిన్నె అందుకునేటప్పుడు ఇప్పుడు నా చేతులు వణుకుతాయి. వయసు వల్ల అని పక్కవాళ్లు అనుకుంటారు. కొంత వయసు, కొంత భయం. ఏది ఎంతో దేవునికి తెలుసు. నేను తాగుతాను.